సాయంత్రం గాలి ఎటు దిగుతుందో చూసి చెట్టెక్కండి

(అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో విల్లుబాణాలతో జింకల వేట మొదలుపెడుతున్న తెలుగువాళ్ల ముందు ఆగస్టు చివర్లో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం. మధ్యలో వచ్చిన ప్రశ్నలు కూడా ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఈ గోడ మీది మ్యాప్ దగ్గర్నుంచి చూస్తేనే నేను చెప్పేది అందుతుంది.

మీలో చాలామంది హంటర్ ఎడ్యుకేషన్ పూర్తిచేసి వచ్చారు. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు ఈ రాష్ట్రంలో వేట లైసెన్స్ తీసుకోవాలంటే ఆ చదువు తప్పదు. బాణం సీజన్ సెప్టెంబర్ మధ్యలో ఒక శనివారం తెరుచుకుంటుంది. అంటే ఇంక దగ్గరికి వచ్చేసింది. విల్లు సరిచేసుకున్నారు, పెరట్లో 20 గజాలకీ 30 గజాలకీ వేసి చూసుకుంటున్నారు, బాగుంది. కానీ ఫోన్ చేసిన ప్రతివాళ్లూ నన్ను అడిగేది ఒక్కటే: "అన్నా, ఎక్కడ కూర్చోవాలి?" అంటే, జింక కోసం ఏ చెట్టెక్కి కాచుకోవాలి అని. ఇవాళ నేను మాట్లాడేది మొత్తం దాని గురించే.

అసలు విషయంలోకి వెళ్లేముందు రెండు సంగతులు చెప్పేస్తాను. ఇక్కడ జింకల సంఖ్యని బట్టి రాష్ట్ర సహజ వనరుల శాఖ ఏటా అనుమతులు ఇస్తుంది, మనం ఆ లెక్కలో భాగంగా వెళ్తున్నాం. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చుక్కల దుప్పి, కణితి, కృష్ణజింక వేట నేరం. ఇక్కడ నేర్చుకున్నది సెలవులకి ఊరెళ్లినప్పుడు బయటికి తీసే విద్య కాదు. రెండోది, తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టంలో తుపాకీ మీద ఆంక్ష ఉంది, వేట లైసెన్స్ లాంటి మినహాయింపులూ ఉన్నాయి. ఆ సంగతి లాయర్ దగ్గర తేల్చుకోండి. విల్లు ఆ చట్టం కిందికి రాదు కాబట్టి ఇవాళ మనం విల్లు గురించే మాట్లాడుకుందాం.

ఇప్పుడు మ్యాప్ చూడండి. ఇది వెర్నన్ కౌంటీ, కికపూ నది చుట్టుపక్కల ప్రాంతం. మంచుయుగంలో హిమానీనదాలు విస్కాన్సిన్‌లో చాలా భాగాన్ని తొక్కి చదును చేశాయి గానీ, ఈ నైరుతి మూలని తాకలేదు. దీన్నే డ్రిఫ్ట్‌లెస్ అంటారు. పక్కనున్న మిన్నెసోటా, అయోవా, ఇల్లినాయ్‌ల కొంత అంచు కూడా ఇందులోకే వస్తుంది. ఇక్కడి వాగులు వేల ఏళ్లు ఇసుకరాయిని కోసుకుంటూ పోయాయి. అందుకే పైన పొడవాటి కొండ వెన్నులు, రెండువైపులా నిటారు వాలులు, అడుగున సన్నటి లోయలు, లోయలో చల్లటి నీళ్ల ఏరు. రైతు ఎక్కడ దున్నగలడు? వెన్ను మీద చదునుగా ఉన్నచోట, లోయ అడుగున. మధ్యలో వాలు దున్నడానికి వీలుకాదు కాబట్టి అది అడవిగా ఉండిపోయింది.

వేటగాడికి ఈ ఏర్పాటు చాలా ముఖ్యం. చదును ప్రాంతంలో అయితే జింక ఒక అడవి ముక్కలో పడుకుని పక్క చేలో మేస్తుంది. ఇక్కడ వాలు మీద పడుకుంటుంది. తిండి దాని పైనా ఉంది, కిందా ఉంది. సాయంత్రం లేచి పైకి పోతుందా, కిందికి పోతుందా? ఆ జవాబు మ్యాప్ కొంత చెబుతుంది, చేను కొంత చెబుతుంది, మిగతాదంతా గాలి చెబుతుంది.

సెప్టెంబర్ జింక వేరు, నవంబర్ జింక వేరు. నవంబర్‌లో మగ జింకకి ఎద కాలం. పట్టపగలు మైళ్లకొద్దీ తిరుగుతుంది, కొత్త చోట్లలో తలదూరుస్తుంది. మీరు మంచి కనుమ ఒకటి చూసుకుని రోజంతా కూర్చున్నా ఏదో ఒకటి ముందునుంచి పోతుంది. సెప్టెంబర్‌లో దానికి రెండే పనులు, తినడం, పడుకోవడం. ఆగస్టంతా మగవి నాలుగైదు కలిసి తిరుగుతాయి. సెప్టెంబర్ మొదట్లో కొమ్ముల మీది వెల్వెట్ తోలు రాలగానే ఆ గుంపు విడిపోవడం మొదలవుతుంది. ఒళ్లంతా కొవ్వు, బయట వేడి. ఆకు పచ్చగా దట్టంగా ఉంది కాబట్టి పడుకున్నచోటే చాటు ఉంది, కదలాల్సిన అవసరం లేదు. పొద్దు గుంకే ముందు చివరి గంటలో లేస్తుంది, ఒళ్లు విరుచుకుంటుంది, దగ్గర్లో నాలుగు ఆకులు కొరుకుతుంది, నింపాదిగా చేనువైపు నడుస్తుంది. చేను గట్టుకి చేరేసరికి చీకటి పడిపోతుంది.

కాబట్టి చేను గట్టు మీద కూర్చున్నవాళ్లకి వెలుగుండగా ఆడ జింకలు, పిల్లలు, ఏడాది మగవి కనిపిస్తాయి. కొత్తవాళ్లకి అది మంచి చోటే, నేను కాదనను. ఈ ప్రాంతంలో ఆడ జింకల అనుమతులు కూడా ఇస్తున్నారు. ఆ మాంసం ఇంటికి తెచ్చుకోవడం చిన్న విషయం కాదు. కానీ ముదురు మగ జింక కావాలంటే చేను వదిలి దాని పడక వైపు జరగాలి. పడకకి దగ్గరయ్యేకొద్దీ మీ వాసన దానికి తగిలే ప్రమాదం పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య దారి చూపించేది నేల వాలే.

మరి పడక ఎక్కడ? ఈ కాంటూర్ గీతలు చూడండి, ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలుపుతూ గీసినవి. గీతలు దగ్గరదగ్గరగా ఉన్నచోట వాలు నిటారు, దూరంగా ఉన్నచోట చదును. గీతలు వంపు తిరిగి ఆ వంపు కొన ఎగువకి చూపిస్తే అది లోయ, నీళ్లు దిగే చోటు. కొన దిగువకి చూపిస్తే వెన్నులోంచి పక్కకి పొడుచుకొచ్చిన ముక్కు. ఇక్కడివాళ్లు దాన్ని పాయింట్ అంటారు. రెండు ఎత్తుల మధ్య దిగిన చోటు కనుమ. నిటారు వాలు మధ్యలో గీతలు కాస్త ఎడంగా అయి మళ్లీ దగ్గరైతే అక్కడ ఒక చదును మెట్టు ఉందని లెక్క, దాన్ని బెంచ్ అంటారు. ఈ నాలుగూ మ్యాప్‌లో గుర్తుపట్టగలిగితే సగం దూరం వచ్చేసినట్టే.

కొండ ప్రాంతంలో మగ జింక ఎక్కువగా పడుకునేది గాలి చాటు వాలు మీద, వాలుని మూడు భాగాలు చేస్తే అన్నిటికన్నా పై భాగంలో, పాయింట్ కొన దగ్గర. ఎందుకంటే గాలి వెన్ను దాటి వెనకనుంచి వచ్చి దాని వీపుకి తగులుతుంది. వెనకనుంచి ఎవరొచ్చినా ముక్కు చెబుతుంది. ముందు దిగువన ఉన్న లోయంతా కళ్లకి కనిపిస్తుంది. పగలు ఎండకి వేడెక్కిన గాలి లోయలోంచి పైకి లేస్తుంది కాబట్టి దిగువ వాసన కూడా దాని దగ్గరికే వస్తుంది. మూడు దిక్కుల సమాచారం కదలకుండానే అందే చోటు అది. దానికి తోడు సెప్టెంబర్ వేడి. మధ్యాహ్నం తర్వాత నీడ పడే తూర్పు, ఉత్తర వాలులు ఈ నెలలో మరీ ముఖ్యం. దక్షిణం, నైరుతి వైపు నిటారు వాలులు కొన్ని ఇక్కడ చెట్లే లేకుండా గడ్డితో ఉంటాయి, గోట్ ప్రెయిరీ అంటారు. జనవరిలో జింకకి ఆ ఎండ కావాలి, సెప్టెంబర్‌లో అక్కర్లేదు.

గాలి గురించి కొంచెం నిదానంగా చెప్తాను, వినండి. ఫోన్‌లో వాతావరణం యాప్ "నైరుతి గాలి, గంటకి 6 మైళ్లు" అంటుంది. అది కొండ పైన, ఆరుబయట గాలి. మీరు కూర్చున్న వాలు మీద ఇంకో గాలి నడుస్తుంటుంది. ఎండ తగిలిన నేల వేడెక్కితే దాని మీది గాలి తేలికపడి వాలు వెంట పైకి పోతుంది. నీడ పడ్డాక నేల చల్లబడి గాలి బరువెక్కి కిందికి దిగుతుంది, నీరు పారినట్టే పల్లం వెతుక్కుంటూ పారుతుంది. చిన్న పల్లంలోంచి లోయలోకి, లోయలోంచి ఏరు వెంట దిగువకి. పైగాలి గట్టిగా ఉంటే, గంటకి పది మైళ్లు దాటితే, చాలావరకు దానిదే పైచేయి. అంతకన్నా నెమ్మదిగా ఉన్న సాయంత్రాల్లో ఈ దిగే గాలిదే రాజ్యం. సెప్టెంబర్ సాయంత్రాలు చాలావరకు అలాంటివే.

ముఖ్యమైన విషయం ఏంటంటే, ఈ మార్పు కొండంతటా ఒకేసారి రాదు. తూర్పు వాలు మీద మధ్యాహ్నం తర్వాతే నీడ వస్తుంది కాబట్టి అక్కడ గాలి ముందే కిందికి తిరుగుతుంది. పడమటి వాలు మీద ఇంకా ఎండ ఉంది, అక్కడ గాలి ఇంకా పైకే పోతోంది. అదే వేళ, అదే కొండ, రెండు వాలుల మీద రెండు గాలులు. సూర్యాస్తమయం ఎన్నింటికో చూసుకుంటే సరిపోదు, మీరు కూర్చునే చెట్టు మీదికి నీడ ఎన్నింటికి వస్తుందో చూసుకోవాలి.

దీన్ని కళ్లతో చూడటానికి ఒక సాధనం ఉంది. మిల్క్‌వీడ్ తెలుసుగా, రోడ్ల పక్కన పెరుగుతుంది, మన జిల్లేడు కుటుంబపు మొక్కే. దాని కాయలో గింజకి అంటుకుని తెల్లటి దూది ఉంటుంది. ఇదిగో, ఈ చిన్న సంచిలోవి పోయిన ఏడాది శరదృతువులో కోసి ఆరబెట్టినవి. గింజ తీసేసి ఒక్క పోగు వదలండి. గాలి చూడటానికి కొందరు చల్లే పౌడర్ అయితే మీ చేతి దగ్గర గాలి మాత్రమే చూపిస్తుంది. ఇది యాభై, అరవై గజాలు కంటికి కనిపిస్తూ పోతుంది. తూర్పు వాలు మీద కూర్చుని వదులుతుంటే ఏం జరుగుతుందో చెప్తాను. నాలుగున్నరప్పుడు పోగు నా ముందునుంచి ఈశాన్యానికి తేలుతూ కాస్త పైకే పోతుంది. ఐదు దాటాక ఒక పోగు పది గజాలు పోయి అలా ఆగిపోతుంది, గాల్లో వేలాడుతున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత వదిలినది కొంచెం ముందుకి పోయి, మెల్లగా వంగి, పక్కనున్న గండిలోకి దిగి, గండి వెంట చెట్ల మొదళ్ల మధ్య నుంచి లోయలోకి జారిపోతుంది. నా వాసన కూడా ఆ దారినే పోతోంది. ఆ దారిలో జింక లేకపోతే నేను ఉన్నట్టు దానికి తెలియదు. సీజన్ మొదలయ్యే ముందు ఒక సాయంత్రం జింక కోసం కాకుండా ఇది చూడటానికే వెళ్లి రండి. అంతకన్నా విలువైన సాయంత్రం ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు గండి అన్నాను కదా. ఈ ప్రాంతంలో గండ్లకి ఒక చరిత్ర ఉంది, అది తెలిస్తే జింక దారి అర్థమవుతుంది. వందేళ్ల కింద ఇక్కడి రైతులు వాలుల్ని కూడా దున్నారు, అడవిలో పశువుల్ని మేపారు. వాన పడితే పట్టుకునే గడ్డి లేదు, మట్టి కొట్టుకుపోయింది, వాలుల మీద లోతైన గండ్లు పడ్డాయి. పరిస్థితి ఎంత ముదిరిందంటే 1933లో ఈ కౌంటీలోనే కూన్ వ్యాలీలో దేశంలోనే మొట్టమొదటి పరీవాహక నేల సంరక్షణ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. పని లేని కుర్రాళ్లకి ప్రభుత్వం పని ఇచ్చిన సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అనే పథకంలోని కుర్రాళ్లు వచ్చి పనిచేశారు. వాలుకి అడ్డంగా, కాంటూర్ వెంటే, ఒక పట్టీ అల్ఫాల్ఫా అనే పశువుల మేత, ఒక పట్టీ మొక్కజొన్న వేయడం రైతులకి నేర్పారు. ఇవాళ మీరు అక్కడి రోడ్ల మీద వెళ్తుంటే కనిపించే వంపు వంపుల పట్టీలు అప్పటినుంచి వచ్చినవే. వాటిని చూస్తే కాంటూర్ గీతలు నేల మీద గీసినట్టు ఉంటాయి. మ్యాప్ చదవడం రానివాళ్లు అక్కడ ఒక గంట నిలబడితే వచ్చేస్తుంది.

పశువుల్ని అడవిలోంచి తీసేశాక చెట్లు మళ్లీ లేచాయి, గండ్లు మాత్రం అలాగే ఉన్నాయి. పది, పదిహేను అడుగుల లోతు, నిటారు అంచులు. జింక దూకలేక కాదు, అవసరం లేకపోతే దూకదు. గండి మొదలయ్యే చోటు, అంటే పైన చేను అంచుకి దగ్గర్లో అది నేలలో కలిసిపోయే చోటు, అక్కడ చుట్టి పోతుంది. వాలు మీద అడ్డంగా పోయే జింకలన్నీ ఆ పది ఇరవై గజాల్లోకి వచ్చి పడతాయి. బాణం దూరం అది. సెప్టెంబర్‌కి ఈ కొండల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు గండి తల. కనుమ కన్నా, బెంచ్ కన్నా.

ఒక జాగ్రత్త. ఎత్తుపల్లాలు చూపించే పాత కాగితం టోపో మ్యాపుల్లో గీతకీ గీతకీ 20 అడుగుల అంతరం ఉంటే, పదిహేను అడుగుల గండి వాటిలో కనిపించకపోవచ్చు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వాళ్ల లైడార్ నీడ చిత్రం చూడండి. విమానంలోంచి లేజర్‌తో కొలిచి చేసినది కాబట్టి ఆకుల కిందున్న నేల కూడా కనిపిస్తుంది. గండ్లు, పాత కలప బండ్ల దారులు, రాతి అంచులు, అన్నీ తేటగా ఉంటాయి. మామూలు వేట యాప్‌లలో కూడా ఈ పొర ఇప్పుడు దొరుకుతోంది.

సరే, ఇదంతా ఒక్క చోట పెట్టి చూద్దాం. ఇటు రండి, ఈ పాయింట్ చూడండి. వెన్ను ఉత్తరం నుంచి దక్షిణానికి ఉంది. దాని మీద అల్ఫాల్ఫా. వెన్నులోంచి ఈ ముక్కు తూర్పుకి పొడుచుకొచ్చింది. ముక్కుకి ఉత్తరం పక్కన ఒక గండి, దాని తల చేను మూలకి నలభై గజాల కింద ఉంది. గాలి నైరుతి. ఆ గాలి వెన్ను దాటి తూర్పు వైపుకి దిగుతోంది కాబట్టి పాయింట్ కొన, ఆగ్నేయం వైపు, జింక పడుకోవడానికి మంచి చోటు. సాయంత్రం లేచి ముక్కు వెన్ను వెంట పడమటికి, చేనువైపు నడుస్తుంది. గాలి ఎదురు కాబట్టి దానికి ధైర్యం. గండి తలకి దక్షిణం అంచున దాటుతుంది.

ఎక్కడ కూర్చోవాలి? ముక్కు వెన్ను మీద, దారి పక్కనే కూర్చుందామనిపిస్తుంది. అక్కడ కూర్చుంటే మీ వాసన నైరుతి గాలికి కొంత, దిగే గాలికి కొంత, రెండూ కలిసి వాలు మీదికి పరుచుకుని నేరుగా పడక మీదికే పోవచ్చు. అది లేవకుండానే వేట అయిపోతుంది. అదే గండి తలకి ఉత్తరం అంచున ఎక్కితే? నైరుతి గాలి వాసనని ఈశాన్యానికి తోస్తుంది, అటు ఎవరూ లేరు. నీడ పడ్డాక గాలి గండిలోకి దిగి తూర్పుకి లోయలోకి పోతుంది, జింక ఆ గండి పైన నడుస్తోంది. ఇరవై, పాతిక గజాల్లో మీ ముందునుంచి పోతుంది. గాలి వాయవ్యానికి మారిందనుకోండి, ఆ రోజు ఆ చెట్టు దగ్గరికి వెళ్లొద్దు. ఎంత మనసు లాగినా వెళ్లొద్దు. ఆ గాలికి పనికొచ్చే ఇంకో చోటు ముందే చూసి పెట్టుకోండి. సీజన్‌కి ముందు మీ పుస్తకంలో చోట్ల పేర్లు కాకుండా గాలుల పేర్లు రాసుకుని, ఒక్కో గాలి కింద చోట్లు రాసుకోండి.

(ప్రేక్షకుల్లోంచి ఒకావిడ: చేను మీద అల్ఫాల్ఫా కాకుండా సోయా ఉంటే తేడా ఉంటుందాండీ?)

చాలా ఉంటుందమ్మా. సోయా ఆకు పచ్చగా ఉన్నంతవరకు జింకలు దాన్ని వదలవు. సెప్టెంబర్‌లో ఆకు పసుపు తిరగగానే ఒక్కసారిగా మానేస్తాయి. ఆగస్టులో బైనాక్యులర్‌తో చూసి "ఇక్కడ ఏడు మగ జింకలున్నాయి" అని సంబరపడ్డ చేను, సీజన్ తెరిచేసరికి ఖాళీగా ఉంటుంది. అప్పుడు అల్ఫాల్ఫా వైపు, లేదా ఓక్ చెట్ల కిందికి పోతాయి. తెల్ల ఓక్ గింజ తియ్యగా ఉంటుంది, వగరు తక్కువ. ఆకు అంచులు గుండ్రంగా ఉంటాయి. ఎర్ర ఓక్ ఆకు అంచులు సూదిగా ఉంటాయి, దాని గింజ వగరు, దాన్ని తర్వాత తింటాయి. వాలు పైభాగంలో, బెంచ్ మీద ఒక్క తెల్ల ఓక్ గింజ రాలుస్తుంటే జింక చేను దాకా రాదు, అక్కడే ఆగి వెలుగుండగానే తింటుంది. అందుకే తల పైకెత్తి చెట్లని చూడండి. అన్ని తెల్ల ఓక్‌లూ ఏటా కాయవు. కాసిన చెట్టు దొరికితే, అది పడకకీ చేనుకీ మధ్య ఉంటే, నేను ఇందాక చెప్పిన గండి తలని కూడా పక్కన పెట్టేయొచ్చు.

(ఇంకొకరు: ఉదయం పూట వెళ్లకూడదా అన్నా?)

సీజన్ మొదట్లో నేను వెళ్లను. రాత్రంతా జింకలు వెన్ను మీది చేలో ఉంటాయి. మీరు చీకట్లో అదే చేను పక్కనుంచి నడుస్తారు, అవి లేచిపోతాయి. లేవకపోయినా వెలుగు రాకముందే పడక చేరుకుంటాయి. పైగా తెల్లవారుజామున గాలి ఇంకా దిగుతూనే ఉంటుంది, ఎండ తగిలాక పైకి తిరుగుతుంది. ఆ మార్పు జరుగుతున్నంతసేపు వాసన ఎటు పోతుందో చెప్పలేం. అక్టోబర్ చివర్లో మగవి పగలు కూడా తిరగడం మొదలుపెట్టాక ఉదయాలు వాడుకోండి. అప్పటిదాకా ఆ కొండని పొద్దున్నపూట ప్రశాంతంగా వదిలేయండి.

నడక గురించి కూడా చెప్పాలి. చెట్టుకి పోయే దారి, తిరిగొచ్చే దారి సరిగ్గా లేకపోతే ఎంత మంచి చెట్టైనా పనికిరాదు. ఇందాకటి పాయింట్‌కి వెళ్లేటప్పుడు చేను ఉత్తరపు అంచునుంచి, మొక్కజొన్న పట్టీ చాటున రావాలి. జింక తూర్పు వాలులో ఉంది కాబట్టి వెన్ను అడ్డం, మీరు కనిపించరు. చీకటి పడ్డాక అదే దారి కుదరదు, చేను నిండా జింకలు. అప్పుడు గండి పక్కగా కిందికి దిగి, ఏరు వెంట బయటికి పోవాలి. నీళ్ల చప్పుడు మీ అడుగుల చప్పుడు కప్పేస్తుంది. లోయ అడుగు కూర్చోవడానికి పనికిరాదు, గాలి అక్కడ సుడి తిరుగుతూ ఉంటుంది. నడవడానికి మాత్రం అంత మంచి దారి లేదు. ప్రైవేటు పొలమైతే రైతుని అడిగి చూడండి. ఆయన పికప్ వేసుకుని చేలోకి వస్తే జింకలు పక్కకి తప్పుకుంటాయి గానీ బెదిరి ఊరొదిలిపోవు, ఆ బండిని రోజూ చూస్తాయి కదా. ఆ సందడిలో మీరు దిగి రావొచ్చు.

(ఒక కుర్రాడు: పబ్లిక్ ల్యాండ్‌లో అందరూ ఇదే మ్యాప్ చూస్తారు కదండీ. అందరూ అదే కనుమలో ఉంటే?)

ఉంటారు, నిజమే. లా ఫార్జ్‌కీ ఒంటారియోకీ మధ్య కికపూ వ్యాలీ రిజర్వ్ ఉంది, 8,600 ఎకరాలు. రిజర్వ్ బోర్డు, ఇక్కడి ఆదివాసీ తెగ హో-చంక్ నేషన్ కలిసి చూసుకునే భూమి. ఒకప్పుడు అక్కడ డ్యామ్ కడదామని రైతుల దగ్గర కొని, ఆ పని మధ్యలో వదిలేశారు. వెళ్లేముందు వాళ్ల నిబంధనలు చదవండి, అనుమతి పాస్ సంగతి చూసుకోండి. అలాంటి చోట మ్యాప్‌లో పెద్దగా కనిపించే కనుమ దగ్గర ముందే ఎవరో ఉంటారు. జింకకి ఆ సంగతి మనకన్నా ముందు తెలుసు. మనుషులు బండి దిగి ఎటు నడుస్తారో అది నేర్చుకుంటుంది. అందుకని నేను మ్యాప్ మీద మొదట పార్కింగ్ చోట్లు గుర్తుపెడతాను, అక్కణ్నుంచి మనుషులు తేలిగ్గా నడిచే దారులు గీస్తాను. ఆ గీతలు తాకని చిన్న పాయింట్లు, రోడ్డు పక్కనే ఉండి అందరూ దాటిపోయే నిటారు ముక్కలు, ఏరు దాటితేగానీ చేరలేని వాలు, వాటిని వెతుకుతాను. రోడ్డుకి రెండు వందల గజాల్లో మంచి పడకలుంటాయి, నమ్మండి. మూడు మైళ్లు నడవడం ఒక్కటే గొప్ప కాదు.

అన్నట్టు, అక్టోబర్ మొదట్లో రెండు రోజులు పిల్లల తుపాకీ వేట ఉంటుంది. ఆ రోజుల్లో మీ చేతిలో విల్లే ఉన్నా మెరిసే (ఫ్లోరోసెంట్) నారింజ రంగు బట్టలు వేసుకోవాలి. 2016 నుంచి మెరిసే గులాబీ కూడా చెల్లుతుంది.

(మొదట అడిగినావిడ: ఆ వేడిలో మాంసం పాడవదాండీ?)

మంచి ప్రశ్న, నేల గురించి మాట్లాడుతూ దాన్ని మర్చిపోకూడదు. నవంబర్‌లో అయితే రాత్రంతా వదిలేసి పొద్దున్నే వెతకొచ్చు. సెప్టెంబర్‌లో అలా కాదు. బాణం ఎక్కడ తగిలిందో బట్టి ఆగాల్సినంతసేపు ఆగి, దొరకగానే పేగులు తీసి, ముక్కలు చేసి, ఐస్ పెట్టాలి. అందుకే చోటు ఎంచుకునేటప్పుడే ఒక ప్రశ్న వేసుకోండి: ఇక్కడ పడితే దీన్ని నేను బయటికి ఎలా తేగలను? మూడు వందల అడుగుల నిటారు వాలు అడుగునుంచి ఒక్కరే పైకి లాగడం అయ్యే పని కాదు. కిందికి లాగే దారి ఉందా, తోడొచ్చే మనిషి ఉన్నాడా, బండిలో ఐస్ ఉందా, ఇవన్నీ చూసుకున్నాకే చెట్టెక్కండి.

ఇంకోటి, సీడబ్ల్యూడీ, అంటే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. ప్రియాన్ అనే వికృత ప్రొటీన్ వల్ల వచ్చి జింకల మెదడుని తినేసే జబ్బు. ఈ రాష్ట్రంలో మొదటిసారి 2002లో మౌంట్ హోరెబ్ దగ్గర జింకల్లో బయటపడింది, మనం ఇప్పుడు మాట్లాడుకునే ప్రాంతమంతా దానికి దగ్గరే. మనుషులకి సోకినట్టు రుజువు లేదు. అయినా జబ్బున్న జింక మాంసం తినొద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. ఉడికిస్తే పోయేది కాదది. రాష్ట్ర శాఖ పరీక్ష ఉచితంగా చేస్తుంది. తల ఇవ్వడానికి పెట్టెలు పెట్టి ఉంటాయి. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లో ఉంచండి. ఇంట్లో పిల్లలకి వండి పెట్టే మాంసం, ఈ ఒక్క విషయంలో బద్ధకించకండి. జింక దొరికిన మర్నాడు సాయంత్రం 5 గంటల లోపల దాన్ని ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో నమోదు చేయడం కూడా తప్పదు.

(వెనకనుంచి: కూర్చున్నాక గాలి తిరిగితే ఏం చెయ్యాలి?)

దూది పోగు పడకవైపు పోతోందా? దిగి వచ్చేయండి. ఇంకో అరగంట చూద్దాం అనుకోవద్దు. ఆ జింకకి మీ సంగతి తెలియకపోతే వచ్చే వారం సరైన గాలికి మళ్లీ వెళ్లొచ్చు. ఒకసారి తెలిసిపోతే ఆ చెట్టు కింద అది పగలు నడవదు, చీకట్లో నడుస్తుంది. గాలి సరిగ్గా ఉన్నా ఒకే చోట వరసగా కూర్చోవద్దు. నేల మీద మీరు నడిచిన వాసన కూడా మిగులుతుంది. ఇలాంటి చోటుకి మొదటి సాయంత్రమే బలం ఎక్కువ, అందుకే ఆ మొదటి సాయంత్రాన్ని మంచి గాలి కోసం దాచుకోండి. వేడి తగ్గి చల్లగాలి దిగిన రోజు ఒకటి వస్తుంది, ఆ రోజు ఆఫీసులో సెలవు అడిగైనా వెళ్లండి.

ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కూడా నడుముకీ భుజాలకీ హార్నెస్ తాడు చెట్టుకి కట్టే ఉండాలి, పైకెక్కాక తగిలించుకోవడం కాదు. ఇంటికెళ్లాక పురుగులు అంటుకున్నాయేమో ఒళ్లంతా చూసుకోండి, ఈ అడవుల్లో లైమ్ జబ్బు తెచ్చే టిక్‌లు ఎక్కువ.

మ్యాప్‌లు అచ్చు వేసుకుని వచ్చినవాళ్లు ఈ పెద్ద బల్ల దగ్గరికి రండి. పెన్సిళ్లు ఇక్కడున్నాయి. ముందు మీ పార్కింగ్ చోటు గుర్తుపెట్టండి, తర్వాత వాలు పై భాగపు మూడో వంతులో ఉన్న పాయింట్లకి సున్నాలు చుట్టండి. ఒక్కొక్కరివీ చూద్దాం.